బడు మాస్టారు

బడు మాస్టారి లోకంలో ఎవరూ ఏ పనీ చెయ్యరు. అన్నీ చేయబడతాయి. కాఫీ తాగబడుతుంది, తలుపు వేయబడుతుంది, గొడుగు ఎక్కడో మరిచిపోబడుతుంది. "ఆలస్యమైందేం మాస్టారూ?" అని అడిగితే "బస్సు అందుకోబడలేదమ్మా" అంటారు. ఆ బస్సును అందుకోవలసిన మనిషి ఇంకెవరో, తాను ఆ కబురు మోసుకొచ్చినవాడు మాత్రమే అన్నట్టుంటుంది ముఖం. అరవై ఏడేళ్ళ ఆ మనిషి నోట "నేను" అన్న మాట విన్నవాళ్ళు లేరు. ఇంగ్లీషులో "ఐ" అయితే అసలే లేదు. అది తొమ్మిదో అక్షరమని పిల్లలకు చెప్పడానికి తప్ప ఆయన దాని జోలికి పోయినట్టు దాఖలా లేదు.

ముప్ఫై నాలుగేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి బడి మాస్టారుగా రిటైరయ్యారు. ఆ తర్వాత ఒక హోటల్లో పనివాళ్ళకు ఇంగ్లీషు చెప్పడానికి కుదిరి బడు మాస్టారయ్యారు. అక్షరం ఒక్కటే మారింది, మనిషి మారలేదు. హోటల్లో ప్రతి అంతస్తుకూ ఒక పుస్తకం ఉంటుంది. ఏ గది ఎప్పుడు ఊడ్చారు, ఏ దుప్పటి మార్చారు, ఏ కుళాయి కారుతోంది, అన్నీ అందులో ఇంగ్లీషులో రాయాలి. యజమాని ఎక్కడో దూరాన ఉండి ఆ పుస్తకాలు తెప్పించుకుని చదువుతాడు. పనిచేసేవాళ్ళకు ఏబీసీడీలు దాటి రావు. అందుకని మేనేజరు మాస్టారిని పిలిపించి, మూడో అంతస్తులో దుప్పట్లూ తువ్వాళ్ళూ పెట్టే గదిలో రోజూ మూడు నుంచి నాలుగు దాకా క్లాసు పెట్టించాడు. పుస్తకంలో రాయాల్సిందంతా గది ఊడ్వబడింది, దుప్పటి మార్చబడింది అన్న తరహాలోనే ఉంటుంది కాబట్టి, ప్యాసివ్ వాయిస్ ఒక్కటి వస్తే చాలన్నాడు. అంతకంటే సంతోషకరమైన మాట మాస్టారికి జీవితంలో చెప్పబడలేదు.

ఆ క్లాసులో ఆరుగురు. వాళ్ళలో మనకు కావలసిన మనిషి మూడో అంతస్తక్క. పదకొండేళ్ళుగా ఆ అంతస్తులోని పద్దెనిమిది గదులు ఆమె చేతుల మీదుగానే తెల్లారుతున్నాయి. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకో రెండేళ్ళు ఇలాగే వంగి లేస్తే ఆ తర్వాత లేవడం ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ మధ్య సూపర్వైజరు పని ఒకటి ఖాళీ అయింది. పుస్తకం చేత్తో పట్టుకుని గది గదికీ తిరిగి రాసుకునే పని, వంగక్కర్లేదు. మాస్టారు పెట్టే ఇరవై మార్కుల పరీక్షలో పాసైతే ఆ పని ఆమెకే ఇస్తానని మేనేజరు అన్నాడు. ఆ రోజు నుంచి అక్కకు దేవుడి పేరూ ఇంగ్లీషు వ్యాకరణమూ ఒకే ఊపిరిలో వచ్చేవి.

మొదటి రోజే మాస్టారు గోడకు ఒక అట్ట తగిలించారు. మూడు వరసలు. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. వాష్, వాష్డ్, వాష్డ్. అలా అరవై మాటలు. తర్వాత షెల్ఫులోంచి ఒక తెల్ల తువ్వాలు తీసి మధ్య వరస మీద పరదాలా వేలాడదీశారు.

"రెండో వరస ప్రస్తుతానికి అక్కర్లేదు," అన్నారు. "మూడో రూపం నేర్చుకోబడితే చాలు."

అలా ఆ క్లాసులో అందరికీ బ్రోకెన్ వచ్చింది, బ్రోక్ రాలేదు. టేకెన్ వచ్చింది, టుక్ రాలేదు. మధ్య వరస ఆరు నెలలు ఆ తువ్వాలు వెనకే ఉండిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దీంతో పనుంది.

మాస్టారు చెప్పే పద్ధతి వింతగా ఉండేది. మొదటి పాఠానికి క్లాసులో అందరికంటే పెద్దవాడైన ఇస్త్రీ తాతను పిలిచి "ఐ" అనే పాత్ర ఇచ్చారు. అక్క "వాష్డ్". పక్కన మడిచిపెట్టిన దుప్పటి "ద షీట్". ముగ్గురినీ వరసగా నిలబెట్టి, ఐ వాష్డ్ ద షీట్ అని చదివించారు. తర్వాత దుప్పటిని ముందుకు తెచ్చి, తాతను వెనక్కి నడిపించి, ఆయన చేతికి "బై" అని రాసిన కాగితం ఇచ్చారు. ద షీట్ వాజ్ వాష్డ్ బై తాత. అంతా బాగానే ఉందనుకునేసరికి మాస్టారు తలుపు తెరిచి, "ఇప్పుడు బైతో పాటు తాత బయటికి పంపబడతాడు. చూడండి, వాక్యం చెక్కుచెదరలేదు," అన్నారు. నిజమే, చెదరలేదు. తాత ఆ వరండాలో బై పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాడు. నాలుగింటికి తలుపు తీసి చూసి మాస్టారు కంగారుపడ్డారు. "అయ్యయ్యో, మరిచిపోబడ్డావు తాతా," అన్నారు. ఎవరు మరిచిపోయారన్నది మాత్రం తాత అడగలేదు, ఆయనకు పాఠం అర్థమైపోయింది.

చిక్కంతా తెలుగు దగ్గర వచ్చింది. బడు అంటే ప్యాసివ్ అని మాస్టారు చెప్పగానే, క్లాసు క్లాసంతా తెలుగులో పడు కనిపించిన చోటల్లా వాజ్ పెట్టేసింది. భయపడ్డాను అనే మాటకు అక్క ఐ వాజ్ ఫియర్డ్ అని రాసింది. అంటే తనను చూసి అందరూ జడుసుకున్నారన్న మాట. కష్టపడ్డాను అనడానికి గేటు దగ్గర కాపలా అన్నయ్య ఐ వాజ్ డిఫికల్టెడ్ అన్నాడు. అలాంటి మాట ఇంగ్లీషులో లేదంటే, లేకపోతే ఇంగ్లీషువాళ్ళు కష్టపడరా అని ఎదురడిగాడు. అందరిలోకీ ఇస్త్రీ తాతది గొప్ప వాక్యం. పెళ్ళయ్యాక మా అబ్బాయి బాగుపడ్డాడు అన్నదానికి ఆయన మై సన్ వాజ్ రిపేర్డ్ బై మ్యారేజ్ అని రాసుకొచ్చాడు.

మాస్టారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"పడు వేరు, బడు వేరు తాతా. అయినా ఈ వాక్యం కొట్టివేయబడదు," అన్నారు. "బై మ్యారేజ్ ఒక్కటి తీసివేయబడాలి. కోడలు ఇందులోకి లాగబడకూడదు."

బై అంటే మాస్టారికి అంత పడదు. ఎవరి కాగితంలో బై కనిపించినా ఎర్ర సిరాతో ఒక గీత గీసి, పక్కన అనవసరం అని రాసేవారు. అక్కకు ఇది మింగుడుపడేది కాదు. చేసిన మనిషి పేరు చెబితే నష్టమేంటన్నది ఆమె ప్రశ్న. ఒకరోజు గాజుగ్లాసు మీద వాక్యం వస్తే ధైర్యం చేసి అడిగేసింది.

"తెలుగులో గ్లాసు పగిలింది అంటే సరిపోతుంది కదా మాస్టారూ. ఎవరు పగలగొట్టారని ఎవరూ అడగరు. దానికింత వాజ్ లూ బ్రోకెన్ లూ దేనికి?"

మాస్టారు సుద్దముక్క కిందపెట్టారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి ఆ ఒక్కసారి నవ్వలేదు.

"పగిలింది అంటే గ్లాసు తనంతట తానే పగిలిందనమ్మా. తప్పు గ్లాసు మీదికి నెట్టబడుతుంది. అది అబద్ధం. పగలగొట్టబడింది అంటే అబద్ధం లేదు. పగలగొట్టిన మనిషి ఉన్నారు. ఆ మనిషి తలుపు బయట నిలబడి ఉన్నారు. పిలవబడలేదు, అంతే."

అక్కకు అది సగమే అర్థమైంది. అర్థంకాని సగం మనసులో ఎక్కడో ఉండిపోయింది.

ఇంకో వింత ఏమిటంటే, ఆ గదిలో కొన్ని పనులు నిజంగానే వాటంతటవి జరిగిపోయేవి. అందరూ దుప్పటి మూటల మీద కూర్చునేవాళ్ళు. అక్కకు మోకాళ్ళు వంగక నిలబడే రాసుకునేది. ఒకరోజు వచ్చేసరికి గది మూల ఆకుపచ్చ రంగు వేసిన పాత స్టూలు ఒకటుంది. ఒక కాలికి గుడ్డపీలిక చుట్టి ఉంది, నేల మీద కిర్రుమనకుండా.

"ఎవరు తెచ్చారు మాస్టారూ ఇది?"

"తేబడింది."

"అదే, ఎవరు తెచ్చారని."

"అది పరీక్షకు రాదు," అన్నారు మాస్టారు.

ఏదడిగినా చివరికి అక్కడికే వచ్చేది. కాపలా అన్నయ్యకు పెన్సిళ్ళు ఎవరిచ్చారు? పరీక్షకు రాదు. తాతకు కంటి డాక్టరు దగ్గర ముందే పేరు రాయించిందెవరు? పరీక్షకు రాదు. పరీక్షకు రానివన్నీ కలిపితే పరీక్షకు వచ్చేదాని కంటే ఎక్కువే ఉండేలా ఉంది.

ఈ లోపల జబ్బు అక్క ఇంటికి కూడా అంటుకుంది. ఆమె భర్త దర్జీ, తక్కువ మాట్లాడే మనిషి. ఒకనాడు కంచం ముందు పెట్టి అక్క అన్నం వడ్డించబడింది అంది. ఆయన తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"వడ్డించిన మనిషి ఎదురుగానే ఉంది కదా," అన్నాడు. "ఇంకెవర్నుంచి దాస్తున్నావు?"

అక్కకు నవ్వొచ్చింది. తర్వాత రాత్రి పాఠం వల్లెవేసుకుంటుంటే మాత్రం ఆయనే పుస్తకం పట్టుకుని తప్పులు చూసేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆమె తడబడ్డ చోట తప్పనేవాడు, తొంభై పాళ్ళు కరెక్టయ్యేది.

పరీక్ష రోజు వచ్చింది. మూడింటికి పరీక్ష. పదకొండు దాటాక అక్క మూడో అంతస్తు వరండా తుడుస్తోంది. అక్కడ లిఫ్టుకు ఎదురుగా నడుమెత్తు పింగాణీ కూజా ఒకటుండేది. అందులో ఎవరూ నీళ్ళు పోసింది లేదు, పువ్వు పెట్టింది లేదు. యజమాని స్వయంగా ఎంచి తెచ్చాడని దానికంత మర్యాద. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మేనేజరు ముందు దాన్ని చూపించి, తర్వాతే గదులు చూపించేవాడు. అక్క పదకొండేళ్ళుగా దాన్ని పసిబిడ్డను తుడిచినట్టు తుడిచింది.

ఆ రోజు ఆమె చేతులు తుడుపుకర్ర మీద ఉన్నాయి గానీ మనసు వాక్యాల మీద ఉంది. ద ఫ్లోర్ ఈజ్ మాప్డ్. ద ఫ్లోర్ వాజ్ మాప్డ్. ద ఫ్లోర్ హాజ్ బీన్. ఈ హాజ్ బీన్ దగ్గర ఆమెకు మొదట్నుంచీ తడబాటే. మళ్ళీ మొదటికి వెళదామని గిర్రున వెనక్కి తిరిగింది. కర్ర చివర కూజా మెడకు తగిలింది.

కూజా ఒరిగి ముక్కలైంది, పెద్ద చప్పుడేం కాలేదు. అక్క కర్రను గోడకు ఆనించింది. తర్వాత ముక్కలన్నీ ఏరి ఒక దిండు గలీబులో వేసింది. మేనేజరు కోసం కిందికి వెళితే ఆయన ఏదో పని మీద బయటికెళ్ళాడు, మూడింటికి గానీ రాడన్నారు. ఏదైనా పాడైతే చూసినవాళ్ళు వెంటనే పుస్తకంలో రాయాలన్నది రూలు. అక్క పైకొచ్చి పుస్తకం తెరిచింది. పదకొండు ఇరవై అని టైము వేసి, ద పాట్ వాజ్ బ్రోకెన్ అని రాసింది. ఒక్క తప్పు లేదు. ఆరు నెలల్లో ఎర్ర సిరా అక్కర్లేని వాక్యం ఆమె రాయడం అదే మొదలు. అరక్షణం సంతోషం కూడా వేసింది. వెంటనే సిగ్గుపడింది.

చెప్పేయాలనే అనుకుంది. పరీక్ష అయ్యాక చెబుదామనుకుంది. చెబితే ఆ సూపర్వైజరు పని పోతుందని తెలుసు. మోకాళ్ళు ఆ మధ్యాహ్నమంతా ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉన్నాయి.

మూడుంపావుకు, అందరూ తలలు వంచుకుని పరీక్ష రాస్తుండగా తలుపు తెరుచుకుంది. మేనేజరు మూడో అంతస్తు పుస్తకం పట్టుకుని, ఒకప్పుడు ఇస్త్రీ తాత బై పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"క్షమించాలి మాస్టారూ, ఒక్క నిమిషం. కూజా వాజ్ బ్రోకెన్ అని ఉంది. బై ఎవరు?"

మాస్టారు పుస్తకం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివారు. ముఖం వెలిగిపోయింది. "వాజ్ సరిగ్గా పెట్టబడింది. మూడో రూపం చక్కగా వాడబడింది," అన్నారు.

"నాకు వ్యాకరణం కాదు, మనిషి కావాలి."

"బై లేకపోయినా వాక్యం సంపూర్ణమే."

"వాక్యం సంపూర్ణమేనండీ, కూజానే సంపూర్ణంగా లేదు," అన్నాడు మేనేజరు. "సాయంత్రం యజమాని ఫోన్ చేస్తారు. ఆయనకొక పేరు చెప్పాలి. రాసింది ఎవరో చేతిరాతే చెబుతుంది. పగలగొట్టింది ఎవరో వాళ్ళంతట వాళ్ళు లేచి చెబితే బాగుంటుంది."

అక్క స్టూలు మీంచి లేచింది. పూర్తిగా లేవలేదు, మోకాళ్ళు సగంలో ఆగాయి. పరీక్ష జరిగేంతసేపూ రాసేవాళ్ళు ఇంగ్లీషులోనే మాట్లాడాలని నియమం. పైగా ఇంగ్లీషులో చెబితే తప్పు కాస్త చిన్నగా వినిపిస్తుందేమోనన్న ఆశ కూడా ఆమెకు లేకపోలేదు.

"ఐ," అంది. అక్కడ ఆగిపోయింది.

ఆరు నెలలుగా వాజ్ లేకుండా ఆమె ఐతో వాక్యం మొదలుపెట్టిందే లేదు. ఐ తర్వాత ఏం పెట్టాలి? వాజ్ బ్రోకెన్ అంటే తానే ముక్కలైనట్టు. అది కూడా పెద్ద అబద్ధమేం కాదు గానీ అడిగింది కూజా గురించి. కావలసిన మాట గోడ మీదే ఉంది. బ్రేక్ కనిపిస్తోంది, బ్రోకెన్ కనిపిస్తోంది, మధ్యలోది తువ్వాలు వెనక ఉంది. అక్క ఆ తువ్వాలు వంకే చూస్తూ మళ్ళీ "ఐ" అంది.

"ఐ బ్రోక్ ఇట్."

అన్నది అక్క కాదు. అందరూ తలలు తిప్పి చూశారు. మాస్టారు గొడుగు చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు.

ఇస్త్రీ తాత చేతిలో పెన్సిలు జారిపడింది. కూజా పగలగొట్టింది మాస్టారని కాదు వాళ్ళ ఆశ్చర్యం. మాస్టారి నోట ఐ వినబడింది, అదీ. అక్కకు మాత్రం ఆ గాభరాలోనే ఒక మాట మనసుకు తట్టింది. రెండో రూపం బ్రోక్ అన్నమాట.

"మీరా?" అన్నాడు మేనేజరు.

"ఐ బ్రోక్ ఇట్. విత్ మై అంబ్రెల్లా," అన్నారు మాస్టారు. రెండోసారికి గొంతు కొంచెం బొంగురుపోయింది, అలవాటు లేని పని కదా.

మేనేజరు ఆయన వంకా గొడుగు వంకా చూశాడు. రేపట్నుంచి క్లాసు కింద బట్టలుతికే యంత్రాల గదిలో పెట్టుకొమ్మన్నాడు, అక్కడ పగలడానికేం లేవన్నాడు. గొడుగు మాత్రం గేటు దగ్గరే వదిలి రావాలన్నాడు. ఎక్కడా మాట తూలలేదు గానీ, ముప్ఫై నాలుగేళ్ళు మాస్టారుగా బతికిన మనిషికి గొడుగు గేటు దగ్గర పెట్టి రమ్మనడం చిన్న మాట కాదు. మాస్టారు తలాడించి, "పరీక్ష కొనసాగించబడుతుంది," అన్నారు. అక్క మిగిలిన ప్రశ్నలకు ఏం రాసిందో ఆమెకే తెలియదు. నోరు తెరిచి నిజం చెబితే మాస్టారు అబద్ధమాడినట్టవుతుంది. చెప్పకపోతే తాను మనిషి కాదు. అలా నలిగి నలిగి, నాలుగయ్యేసరికి కాగితం ఇచ్చేసి గబగబా కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే, పనిలోకి వెళ్ళేముందు, మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది. సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి.

"మాస్టారు ఉన్నారా అమ్మా?"

"వాకింగుకి వెళ్ళబడ్డారు," అందావిడ. "నలభై మూడేళ్ళ కాపురం తల్లీ, నాకూ అంటుకుంది. లోపలికి రా."

లోపల వంటింట్లో ఆవిడ మూకుడు దించి, పైన గూట్లో డబ్బా అందక మునివేళ్ళ మీద లేచింది. అందలేదు. అక్కను పిలిచి తియ్యమంది. "ఇక్కడ ఆకుపచ్చ స్టూలొకటి ఉండేది," అంది. "ఆరు నెలల క్రితం మాయం చేయబడింది. ఎవరు చేశారంటే పరీక్షకు రాదంటారు."

అక్క డబ్బా దించి గట్టు మీద పెట్టింది. నిన్న జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ వింటూ నవ్వలేదు, కోప్పడలేదు. చివర్లో మాత్రం "ఐ అన్నారా? ఆయనా? నువ్వు సరిగ్గా విన్నావా?" అని రెండుసార్లు అడిగింది.

"కూరలో ఉప్పు లేకపోతే ఉప్పు వేయబడలేదు అంటారు గాని, నువ్వు వెయ్యలేదు అని ఈ నలభై మూడేళ్ళలో ఒక్కసారి అనలేదు," అందావిడ. "మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎందుకలా మాట్లాడతారని ఒకసారి గట్టిగానే అడిగాను. 'చిన్నప్పుడు బడిలో ఒక పేరు చెప్పబడింది. తప్పు పేరు. ఆ పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు,' అన్నారు. ఎవరి పేరు, చెప్పింది ఎవరు అని అడిగాను."

"ఏమన్నారు?"

"ఏమంటారు? అది పరీక్షకు రాదన్నారు."

అక్క నేరుగా హోటలుకు వెళ్ళి, మేనేజరు గదిలోకి నడిచి, బల్ల మీద ఒక కాగితం పెట్టింది. బస్సులో కూర్చుని, కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నా రాసిన కాగితమది. ద పాట్ వాజ్ బ్రోకెన్ బై మీ. బై మీ కింద రెండు గీతలు గీసింది.

మేనేజరు చదివి పక్కన పెట్టాడు. "పుస్తకంలో టైము పదకొండు ఇరవై అని నువ్వే వేశావు," అన్నాడు. "మాస్టారు మూడింటికి ముందు ఈ గేటు దాటరు. ఆయనకు అబద్ధం ఆడటం కూడా చాతకాదమ్మా."

"తెలిసే వచ్చారా సార్ నిన్న?"

"నువ్వు లేస్తావా లేవవా అని చూడ్డానికొచ్చాను. సగం లేచావు. అంతలో ఆయన అడ్డుపడ్డారు." అక్క కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆయన్ని అందరి ముందూ అబద్ధాలకోరని నేనెలా అంటాను? క్లాసు కిందికి మార్చేశాను, తొందరపడ్డాను. మిగతా సగం నువ్వు ఇవాళ లేచావు. యజమానికి నేను చెప్పుకుంటాను. కూజా పోతే పోయింది, పగలగొట్టినప్పుడు కూడా టైము వేసే మనిషి దొరకడం కష్టం."

ఆ మధ్యాహ్నం క్లాసు కింద యంత్రాల గదిలో జరిగింది. పైకి మళ్ళీ వెళ్ళొచ్చని మేనేజరు కబురు పంపినా, సామాను మోయబడిపోయిందని మాస్టారే వద్దన్నారు. ఆరు యంత్రాలు ఒకేసారి తిరుగుతుంటే వాజ్ అన్నారో హాజ్ అన్నారో కూడా వినబడేది కాదు, అందరూ కేకలేసి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆకుపచ్చ స్టూలు కూడా దిగొచ్చింది. గోడ మీది అట్టకు తువ్వాలు మాత్రం లేదు.

"రెండో వరస కూడా నేర్పబడుతుంది," అన్నారు మాస్టారు, ఎవరి వంకా చూడకుండా. "ఎప్పుడైనా అవసరం పడవచ్చు."

పరీక్ష కాగితాలు ఇచ్చారు. అక్కకు ఇరవైకి పంతొమ్మిది. దానికి గుండుసూదితో బస్సులో రాసిన కాగితం కూడా గుచ్చి ఉంది, మేనేజరు పంపినట్టున్నాడు. అందులో బై మీ మీద ఎర్ర గీత, పక్కన అనవసరం. పోయిన ఒక్క మార్కూ అక్కడే పోయింది.

"మాస్టారూ," అంది అక్క, యంత్రాల హోరులో వినబడేలా. "ఆ బై ఉండాలి. మీ స్టూలు మీద కూర్చుని నేనది కొట్టేయలేను."

మాస్టారు స్టూలు వైపు చూశారు, అక్క వైపు చూశారు, కాగితం తీసుకున్నారు. ఎర్ర గీతను చెరపడం కుదరదు. దాని పక్కనే చిన్న టిక్కు పెట్టి, పంతొమ్మిదిని ఇరవై చేశారు.

"మరి మీరు నిన్న చెప్పిన వాక్యం?" అంది అక్క.

"అందులో వ్యాకరణం సరిగ్గానే ఉంది."

"నిజమో?"

"అది పరీక్షకు రాదు," అన్నారు మాస్టారు. నవ్వారు కూడా.

అక్క ఇప్పుడు మూడో అంతస్తు సూపర్వైజరు. ఆమె స్థానంలో గదులు తుడవడానికి కొత్తగా ఒకామె చేరింది. వయసులో అక్క కంటే పెద్దది, మోకాళ్ళు అక్కవాటి కంటే అధ్వానం. చేరిన మూడో రోజే స్నానాలగదిలో గాజుగ్లాసు పగలగొట్టి, ఏడుపు ముఖంతో వచ్చి నిలబడింది. ఏమీ కాదని చెప్పి అక్క పుస్తకంలో టైము వేసి, ఎ గ్లాస్ వాజ్ బ్రోకెన్ అని రాసింది. సాయంత్రం మేనేజరు చదివి, అలవాటు కొద్దీ బై ఎవరని అడగబోయి, అక్క ముఖం చూసి నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

మర్నాడు ఆ కొత్తామె పనిలోకి వచ్చేసరికి దుప్పట్ల గదిలో ఒక స్టూలుంది. ఇంకా రంగు వాసన పోలేదు. నాలుగు కాళ్ళకూ దర్జీ దుకాణంలో మిగిలే గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"ఎవరు తెచ్చారక్కా ఇది?" అనడిగింది.

అక్క పుస్తకంలోంచి తలెత్తలేదు.

"తేబడింది," అంది. "కూర్చో."